మామిడికాయ పప్పులో ఉప్పు

హోటల్లో కూర్చుని నింపాదిగా తినడం నాకు చేతకాదు. ఏం కావాలో చెప్పి రెండుసార్లు లేస్తాను. ఒకసారి చెయ్యి కడుక్కోవడానికి, రెండోసారి ఆ చెయ్యే మళ్ళీ కడుక్కోవడానికి. తలుపుకి వీపు పెట్టి కూర్చోలేను. పక్క టేబుల్ వాళ్ళకి ముందు వడ్డిస్తే ఊరుకోలేను. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అని తిట్టేది. ఆవిడ పోయి పదేళ్ళయింది, నాకు నలభై తొమ్మిది వచ్చాయి, ఆ కాలు ఇంకా చల్లారలేదు.

ఉద్యోగం కూడా దానికి తగ్గట్టే దొరికింది. పల్లెల్లోని పిల్లలు ఉండి చదువుకునే ఆశ్రమశాలలు బస్తర్‌లో, బీజాపూర్ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాటిని తిరిగి చూడటం నా పని. గదులు, నీళ్ళు, వంటిల్లు. పిల్లలు పంక్తిలో కూర్చునే ముందు పెద్దవాళ్ళొకరు వంట రుచి చూసి రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. నేను వెళ్ళిన రోజు ఆ చెంచా నాది. ఉప్పు ఎంత, నూనె ఎంత, పప్పు ఉడికిందా, నీళ్ళు పోసి సాగదీశారా, ఒక్క చెంచాతో చెప్పేస్తాను. తప్పులు పట్టడానికే నాకు జీతమిస్తారు, జీతం లేనిచోట కూడా పడుతుంటాను. అయితే పిల్లల వాటా నేను తినను. చెంచాతో సరి. మధ్యాహ్నం భోజనం బయటే.

ఆడమనిషి ఒక్కతే హోటల్‌కి వెళ్ళి భోజనం పెట్టమంటే మా వైపు ఇప్పటికీ ఒక తంతు ఉంది. కౌంటర్లో కూర్చున్నాయన మన మొహం చూడకుండానే వెనక్కి చెయ్యి చూపించి "ఫ్యామిలీ ఉధర్" అంటాడు. అక్కడ ఒక పరదా ఉంటుంది. పరదా వెనక ఒక బల్ల, ఉల్లిపాయల బస్తాలు, పాడైపోయిన కూలరూ ఉంటాయి. ఫ్యాను మాత్రం ఉండదు. నాకు ఫ్యామిలీ లేదు, నేనొక్కదాన్నే అని ఎన్నోసార్లు చెప్పాను. ఒక్కరైనా సరే ఫ్యామిలీయే అన్నాడొకాయన. ఉల్లిపాయల బస్తాలకి ఎదురుగా కూర్చుని ఎన్ని భోజనాలు చేశానో నాకే తెలీదు. ఒకరోజు విసుగెత్తి కుర్చీ ఈడ్చుకొచ్చి మగవాళ్ళ మధ్య వేసుకున్నాను. అందరూ తలలు దించుకుని కంచాల్లోకి చూశారు, పదినిమిషాల పాటు ఎవరూ ఇంకో రొట్టె అడగలేదు. గెలిచానని సంబరపడ్డాను కానీ ముద్ద మాత్రం దిగలేదు.

అందుకని చాలాకాలం టిఫిన్లతోనే గడిపాను. గీదంలో బస్సు ఆగినప్పుడు కాగితంలో పోహా, పైన రెండు జిలేబీలు. దంతెవాడలో నిలబడి ఆలూ గుండా, పచ్చిమిరపకాయ, చాయ్. నిలబడి తింటే ఎవరూ పరదా చూపించరు. కడుపు మంట మొదలైంది. డాక్టరు వేళకి అన్నం తినమన్నాడు. ఎక్కడ తినమంటారని ఆయనతో కూడా దెబ్బలాడాను.

భోపాలపట్నంలో ఆ మెస్ దొరికింది అలాంటి రోజుల్లోనే. బస్టాండు వెనక సందులో నాలుగు బల్లలు, రేకుల కప్పు. నడిపేది ఒక తెలుగు ముసలాయన, ఆయన భార్య. ఆయన తండ్రి చింతపండు వ్యాపారానికి ఏరు దాటి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడట. వంట చేసేది పక్క పల్లె నుంచి వచ్చే ఒక దోర్ల ఆదివాసీ ఆమె, ఇంచుమించు నా వయసే. మొదటిరోజు నేను గుమ్మంలో నిలబడి పరదా ఎక్కడుందా అని వెతుకుతున్నాను. ఆమె గరిట పక్కన పెట్టి వచ్చి, వంటింటి తలుపు పక్కనున్న బల్ల తుడిచి, స్టూలు లాగి, కూర్చోమన్నట్టు చూసి లోపలికి పోయింది. పరదా లేదు, ప్రశ్నలూ లేవు. అక్కడ కూర్చుంటే వంటింటి వెనక తలుపులోంచి గాలి వస్తుంది. ఆమె పొయ్యి నాకు కనిపిస్తుంది, నేను ఆమెకి కనిపిస్తాను. వేడన్నం, చింతచిగురు పప్పు, ఎర్రగా వేయించిన ఎండుమిరపకాయలు. ఆ రోజు నాకు తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి మంగళవారం నా పర్యటన భోపాలపట్నం వైపు పడేలా చూసుకున్నాను. మీ ఊరేదని ఆమె ఒకసారి అడిగింది. పుట్టింది బచేలిలో, మా నాన్న గనుల్లో పని చేసేవాడు, మాది శ్రీకాకుళం అన్నాను. నేను శ్రీకాకుళం చూసింది మొత్తం ఎనిమిది సార్లు ఉంటుందేమో. "పుట్టింది ఈడైతే ఊరు ఆడెట్లయిందక్కా?" అని నవ్వింది. నేనూ నవ్వేశాను.

మొన్నటి చలికాలంలో ముసలాయన భార్య పోయింది. ఆవిడ ఎప్పుడూ బయటికి వచ్చేది కాదు, వంటింట్లో పీట మీద కూర్చుని కూరలు తరుగుతూ ఉండేది. ఆవిడ పోయాక ఆయన మాట్లాడటం తగ్గించేశాడు. మెస్ మాత్రం మూడోరోజే తెరిచాడు. తెరవకపోతే ఇంట్లో ఏం చెయ్యాలో తెలీలేదని నాతో అన్నాడు.

మామిడికాయలు వచ్చాయి. తెలంగాణ వైపు పోయే లారీ డ్రైవర్లు మామిడికాయ పప్పు అడుగుతారు, అందుకని రోజూ అదే. మొదటి మంగళవారం నేను కూర్చోగానే ఆమె ఆకుదొప్పలో రెండు గరిటెల పప్పు తెచ్చి నా ముందు పెట్టింది, అన్నం లేకుండా. పెట్టి నిలబడింది. నేను ఫోన్లో ఉన్నాను. ఏదో జాబితాలో పేర్లు తప్పు పడ్డాయని మా పైఅధికారి అరుస్తున్నాడు, నేను తిరిగి అరుస్తున్నాను. నాకేదో ప్రత్యేకంగా తెచ్చిందనుకుని దొప్ప ఎత్తి గుటకేసి, బాగుందన్నట్టు చెయ్యి ఊపాను. ఆమె ఇంకాసేపు నిలబడి వెళ్ళిపోయింది. తర్వాత అన్నంలో కలుపుకుంటే పప్పులో ఉప్పు లేదు. పోతూ పోతూ ముసలాయనకి చెప్పాను.

రెండో మంగళవారం మళ్ళీ దొప్ప తెచ్చింది. ఇప్పుడొద్దు, అన్నంతోనే వెయ్యమన్నాను. ఆ రోజు ఉప్పు కషాయం. మళ్ళీ ముసలాయనకే చెప్పాను, మీ వంటామె ధ్యాస ఎక్కడో ఉందని. ఆమె పొయ్యి దగ్గర నుంచి వింటోంది. నాకు తెలుసు ఆమె వింటోందని. వినాలనే అన్నాను.

మూడో మంగళవారం నా గాచారం బాగాలేదు. జీపు రాలేదు. కిక్కిరిసిన బస్సులో రెండు గంటలు నిలబడి వచ్చాను. దిగేసరికి చెప్పు తెగింది. మెస్‌లో నలుగురు లారీ వాళ్ళు తింటున్నారు. ఆమె ఆ రోజు దొప్ప తేలేదు, నేరుగా కంచం పెట్టింది. మొదటి ముద్దకే పళ్ళు పులిసిపోయాయి. ఉప్పు పేరుకి కూడా లేదు. నేను లేచి నిలబడ్డాను.

"నోట్లో వేసుకుని చూడకుండానే జనానికి పెడుతున్నావా?" అన్నాను, అందరికీ వినపడేలా.

లారీ వాళ్ళు చేతులు ఆపారు. ఆమె తలుపులో నిలబడిపోయింది. ముసలాయన మొహం నల్లబడింది. నలుగురిలో మాట పడటం ఆయనకి కొత్త. ఒక గిన్నెలో పప్పు పోసి తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మేడం ముందర తిని, ఎట్లుందో నువ్వే చెప్పమన్నాడు. ఆమె గిన్నెలోకి చూసింది. తినమని ఆయన రెండోసారి అన్నాడు, మూడోసారి అన్నాడు.

"తినను సేటూ," అంది.

"తినవా? అయితే రేపటి సంది రాకు."

ఆమె గిన్నె బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. మేకుకి తగిలించిన సంచీ తీసుకుని వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో నాకు ఏ బాధా కలగలేదు. తను వండింది తనే తినలేకపోయింది, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి అనుకున్నాను. పెరుగన్నం తిని బస్సెక్కాను.

రెండు రోజుల తర్వాత బాసగూడ దగ్గరి ఒక ఆడపిల్లల ఆశ్రమశాలకి వెళ్ళాను. అన్నం, పప్పు, పచ్చి మామిడికాయ చట్నీ. నేను చెంచాతో చూశాను, చట్నీ చక్కగా ఉంది. సంతకం పెట్టి పంక్తి వెంట నడుస్తుంటే సగం మంది పిల్లలు చట్నీని కంచం అంచుకి తోసేసి తింటున్నారు. నాకు మళ్ళీ కోపం ముక్కు మీదికి వచ్చింది. పిల్లలకి నచ్చనిది ఎందుకు చేస్తున్నారు, ఇది వృథా కాదా అని వార్డెన్‌ని పట్టుకున్నాను. ఆమె గోండు ఆమె, ఇరవై ఏళ్ళుగా అక్కడే పని చేస్తోంది. నచ్చక కాదు మేడం అంది. ఆ పిల్లల ఊళ్ళల్లో మామిడి పండుం, అంటే కొత్త కాయల పండగ, ఇంకా కాలేదట. ఒక్కో ఊరు ఒక్కో రోజు చేసుకుంటుంది. ఊరి పూజారి మొదటి కాయ దేవుడికీ పోయిన పెద్దలకీ పెట్టేదాకా, ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళు ఎక్కడున్నా మామిడిని నాలుక మీద పెట్టరు. పచ్చిది కూడా, ఒక్క ముక్క కూడా. ఒకళ్ళు తప్పితే కీడు ఊరందరికీ.

పండుం అన్న మాట నాకు నలభై ఏళ్ళుగా తెలుసు. పండుం అంటే డోలు చప్పుళ్ళు, చందా కోసం బస్సుకి అడ్డంగా తాడు పట్టుకుని నవ్వే ఆడవాళ్ళు, పని ఆలస్యం కావడం. నాకు తెలిసిందల్లా అంతే. దాని వెనక ఒకరి నాలుక ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు.

నేను ఆ వరండాలో నిలబడి లెక్క సరిచూసుకున్నాను. మెస్‌లో ఆమె బుట్టలకొద్దీ కాయలు తరిగి, వేలికంటిన పులుపు కూడా నాకకుండా వండింది. పోయిన ఏడాది వరకూ ఉప్పు చూసింది పీట మీద కూర్చున్న ఆ పెద్దావిడ. ఆవిడ పోయాక చూసేవాళ్ళు లేరు. అందుకే ఆ దొప్ప. నాకు ప్రత్యేకంగా ఏమీ తేలేదు, ఉప్పు చూసి పెట్టమని తెచ్చింది. ఊళ్ళో అందరి వంటలూ రుచి చూసి సంతకాలు పెట్టే నేను, నా ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి చెయ్యి ఊపాను. తర్వాత వెళ్ళి ఆమె యజమానికి చెప్పాను.

శనివారం పొద్దున్నే భోపాలపట్నం బస్సెక్కాను. మెస్‌లో ముసలాయనే పొయ్యి ముందున్నాడు, అన్నం అడుగంటిన వాసన. సంగతంతా చెప్పాను. ఆయన అడుగంటిన గిన్నె దించాడు. తన భార్యకి తెలిసే ఉంటుందని, తనకి మాత్రం ఎవరూ చెప్పలేదని అన్నాడు. ఉప్పు మీరు చూడొచ్చుగా బాబాయ్ అన్నాను. రక్తపోటుకి డాక్టరు ఉప్పు మానిపించి ఎనిమిదేళ్ళయిందట, ఇప్పుడాయనకి ఏది తిన్నా ఉప్పగానే ఉంటుందట. మంగళవారానికి చర్ల నుంచి ఒక వంటాయన వస్తానన్నాడని, ఈలోగా ఈమె వండింది రుచి చూసుకునేటట్టయితే రమ్మనమని చెప్పాడు. ఇదేం షరతు అని నేను లేచాను. ఆయన కోప్పడలేదు.

"రుచి చూడకుండ వండితే మీలాంటోళ్ళే అరుస్తరు గద మేడం," అన్నాడు.

ఆమె ఊరు అడిగి, షేర్ ఆటో పట్టుకున్నాను.

ఆమె ఇంటి వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసి ఉంది. పక్కనే పెద్ద మామిడి చెట్టు, కింద కాయలు రాలి పడున్నాయి, కొన్ని దోరగా, కొన్ని పగిలి ఈగలు ముసిరి. ఎవరూ ఏరలేదు. వాటిని దాటుకుంటూ నడుస్తున్నారు. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. మంచం వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగి, ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాను. తప్పు నాదేనని, నాకు తెలీదని, తెలిసుంటే అలా అనేదాన్ని కాదని, సిగ్గుగా ఉందని. ఆమె ఇప్పపువ్వు చేత్తో కదుపుతూ విన్నది.

"నీకెరికే అనుకున్ననక్కా," అంది. "ఈడ పుట్టినదానివి గద."

అంతకంటే తిట్టినా బాగుండేది.

పండుం ఎప్పుడని అడిగాను. పూజారికి బాగాలేదు, బీజాపూర్ ఆస్పత్రిలో ఉన్నాడు, ఆయన లేచి వచ్చాకే. పదిరోజులో, పదిహేనో. మంగళవారం లోపల కాదు కదా అన్నాను. కాదంది. అప్పుడు నాలో పనులు చక్కబెట్టే మనిషి లేచింది. పూజారి బదులు ఇంకొకరు చెయ్యకూడదా అన్నాను. చెయ్యకూడదు. పోనీ ఉప్పు చూడటానికి ఒక్క బొట్టు నాలుక మీద వేసుకుని ఉమ్మేస్తే తిన్నట్టు కాదు కదా, అక్కడ వంటింట్లో ఎవరు చూస్తారు, పదిరోజుల కోసం చేతిలో పని పోగొట్టుకుంటావా అన్నాను. క్షమాపణ చెప్పడానికి వచ్చి అరగంట కాలేదు, అప్పుడే ఆమెకి దొంగతనం నేర్పుతున్నాను. ఆమె ఇప్పపువ్వు తిరగేస్తూనే ఉంది. జవాబివ్వకపోతే నేను ఆగను. ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను, చేతులు ఊరికే ఉండవు కదా, మంచం పక్కన రాలిన కాయ ఒకటి తీసుకుని, తొడిమ గిల్లి, మాట్లాడుతూ మాట్లాడుతూనే నోటి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆమె నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

"నువ్వు గూడ తినొద్దక్కా. పండుం అయ్యేదాక."

నేను ఈ ఊరిదాన్ని కాదు కదా అన్నాను.

"మా వాకిట్ల కూసున్నవ్. మా నీళ్ళు తాగినవ్. ఇగ నువ్వు గూడ ఊరిదానివే."

కాయ కింద పెట్టేశాను. సొన అంటిన వేళ్ళు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక అలాగే ఉంచుకున్నాను. ఆమె నీళ్ళు పోసి కడిగించింది. సిగ్గుతో చచ్చిపోయాను, నిజం చెప్పాలంటే కొంచెం ఏడుపు కూడా వచ్చింది. నువ్వు ఇక్కడిదానివి అని బస్తర్‌లో నాతో ఎవరూ అనలేదు, నేనూ ఎవరినీ అననివ్వలేదు. పని సంగతి మళ్ళీ ఎత్తలేకపోయాను. ఆమే అంది, మంగళవారం రానని, నామీద కోపంతో కాదని, బీడీల తునికాకు కోత వస్తోంది కదా ఎట్లాగో గడుస్తుందని. ఆకు కోత ఎన్నాళ్ళుంటుంది, మహా అయితే పదిహేను రోజులు.

మంగళవారం మెస్‌కి వెళ్ళాను. వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. బయట సందులో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. లోపల ఆవేళ ఉన్న లారీ వాళ్ళలో ఇద్దరున్నారు. ఆ రోజు ఎంత గొంతుతో అరిచానో అంత గొంతుతోనే ముసలాయనతో చెప్పాను, వంటామె తప్పు చెయ్యలేదు, ఆమె నన్ను ముందే అడిగింది, నేనే పట్టించుకోలేదు అని. లారీ వాళ్ళు తలలెత్తి చూసి మళ్ళీ తినడంలో పడ్డారు. ముసలాయన గల్లా పెట్టె మీద చేతులు పెట్టుకుని విన్నాడు. కొత్తాయన నిన్ననే దిగాడని, ఇప్పుడాయన్ని పొమ్మనడం ఎట్లాగని నెమ్మదిగా అన్నాడు. నేను వెళ్ళి వంటింటి తలుపు పక్క బల్ల దగ్గర కూర్చున్నాను.

లోపల నుంచి కొత్త వంటాయన వచ్చాడు. నల్లగా, బలంగా ఉన్నాడు, భుజం మీద తువ్వాలు. నా సంగతి ఎవరో ఆయనకి ముందే చెప్పినట్టున్నారు. ఒక గిన్నెలో మామిడికాయ పప్పు, మీద పోపు ఇంకా చిటపటలాడుతోంది. దాన్ని రెండు చేతులతో నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, కొంచెం ఉప్పు చూసి చెప్తారా?"

ముసలాయన ఇటే చూస్తున్నాడు. నేను గిన్నెని పక్కకి జరిపాను.

"నేను చూడకూడదు," అన్నాను. "మా ఊళ్ళో ఇంకా పండుం కాలేదు."

ఆయనకి అర్థం కాలేదు. ఏ ఊరు మేడం మీది అని అడిగాడు. ముసలాయన కౌంటర్ దగ్గర నుంచి లేచి వచ్చి, ఆ గిన్నె తీసి, నాకు మజ్జిగ తెమ్మని అతనికి చెప్పాడు.